డచ్చివాడి తల్లికి కుంకుమ బొట్టు

మా అత్తగారు దుక్కలా ఉండగానే ఆవిడకి మా ఇంట్లో దండ పడింది. అదీ షార్జాలో, రోలాలోని మా రెండు గదుల ఫ్లాట్లో, ఒక శుక్రవారం పొద్దున.

స్నానం చేసి హాల్లోకి వచ్చేసరికి సోఫా పైన గోడకున్న ముసలావిడ బొమ్మకి ప్లాస్టిక్ బంతిపూల దండ వేలాడుతోంది. అద్దం మీద, సరిగ్గా నుదుటి దగ్గర, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు.

"అక్కా! ఏంటిది?" అని అరిచాను.

మా ఇంట్లో పనిచేసే అక్క గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. "మీ అత్తగారే కదండీ. వచ్చిన కాణ్ణుంచీ చూత్తన్నాను, దుమ్ము తుడవడమేగానీ ఓ పువ్వెట్టిన పాపాన పోరు మీరు. శుక్రారం కదా అని నేనే ఎట్టేశానండి."

మా అత్తగారు రాజమండ్రిలో ఉన్నారు. అంతకు గంట ముందే ఫోన్లో నాకు చారు పెట్టడం రాదని తేల్చారు. మా ఆయన నవ్వలేక సోఫాలో దొర్లుతూ, "మా అమ్మకి మాత్రం చెప్పకు తల్లీ" అని దణ్ణం పెట్టాడు.

ఆ ముసలావిడ మా చుట్టం కాదు. నేను ఇండియన్ స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక డచ్చి చిత్రకారుడు తన తల్లిని రాగి రేకు మీద గీసి తీసిన అచ్చు అది. అసలుది కొనే తాహతు నాకెక్కడిది, నా దగ్గరున్నది నకలు. అయినా ఆ ముడతలూ, నొక్కిపట్టిన పెదాలూ చూస్తుంటే ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు ఉంటుంది. అక్కని తప్పుపట్టడానికీ లేదు. మన ఇళ్ళల్లో నలుపు తెలుపులో ఒక పెద్దావిడ అద్దాల ఫ్రేములో గోడెక్కిందంటే దానికి ఒకటే అర్థం.

విషయం చెప్పగానే అక్క బొట్టు తుడిచేసి తనూ పడీ పడీ నవ్వింది. "డచ్చోళ్ళా? మా నరసాపురం కాడ ఉండేవోళ్ళంటండి ఒకప్పుడు. అయితే మనోళ్ళే" అంది. దండ మాత్రం తియ్యనివ్వలేదు.

అక్క మా దగ్గరికి రాకముందు అల్ ఐన్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పాపని పెంచింది. పాపకి నడకైనా రాకముందే తల్లి జబ్బు చేసి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక ఇక అక్కతో పనిలేదని పంపేశారు. కానీ వీసా ఆయన పేరు మీదే ఉంది. కఫీల్, అంటే వీసాకి పూచీదారు, ఆయనే. పాస్‌పోర్ట్ ఆయన బీరువాలోనే ఉంది. ఫోన్ చేస్తే రేపిస్తా, ఎల్లుండిస్తా అంటున్నాడు. అక్కడ నరసాపురంలో అక్క కూతురికి నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. పురిటికి అమ్మ పక్కన ఉండాలని ఆ పిల్ల రోజూ ఏడుస్తోంది.

అది కరోనా కాలం. బడులు మూసేశారు. నేను హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాఠాలు చెప్పేదాన్ని. ఒకరోజు ఎనిమిదో తరగతికి ఎచింగ్ గురించి చెప్పాను. రాగి రేకుకి మైనం పూస్తారు, సూదితో గీస్తారు, యాసిడ్‌లో ముంచితే గీత పడినచోట అది రాగిని తినేస్తుంది. ఆ గీతల్లో సిరా నింపి తడి కాగితం మీద అచ్చు తీస్తారు. తర్వాత ఆయన జీవితం చెప్పాను, పిల్లలకి చెప్పేంతవరకే. గొప్పగా బతికాడు, భార్య చిన్న వయసులోనే పసివాణ్ణి వదిలి పోయింది, చివరికి దివాలా తీశాడు, ఇల్లు వేలమైంది. అక్క వెనకాల కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విన్నది.

క్లాసు అయ్యాక అడిగింది. "పెళ్ళాం పోయినప్పుడు పిల్లోడు పసోడన్నారు కదండీ. మరి ఆణ్ణి ఎవరు పెంచారు?"

నాకు హుషారొచ్చింది. ఎనిమిదో తరగతికి చెప్పనిదంతా చెప్పాను. పిల్లాణ్ణి పెంచడానికి ఒకావిడ పనికి కుదిరింది. పిల్లాణ్ణి పెంచింది, ఆయనకీ దగ్గరైంది. పోయిన భార్య నగలు ఆయనే ఆవిడకిచ్చాడు. తర్వాత ఇంకో చిన్నావిడ పనికి వచ్చింది. మొదటావిడ పాతబడిపోయింది. పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చాడని ఈవిడ కోర్టుకెళ్ళింది. భరణం ఇవ్వమన్నారు కోర్టువాళ్ళు. చేతిలో డబ్బు లేక ఆ నగలు తాకట్టు పెట్టుకుంది. దాంతో ఆయన ఆవిడ నడత మంచిది కాదని ఇరుగుపొరుగు చేత చెప్పించి, చెడిపోయిన ఆడవాళ్ళ చేత నూలు వడికించే ఇంట్లో ఏళ్ళ తరబడి బంధించి పెట్టించాడు.

అక్క చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

"ఇచ్చింది ఆయనే కదండీ!"

"ఆయనే."

"మరి... ఇచ్చాడని ఎవరైనా చూశారంటండీ?"

అడుగుతూ తన చెవిదుద్దు పట్టుకుంది. అప్పుడు చూశాను. ఎర్రరాయి దుద్దులు, రాళ్ళ చుట్టూ ముత్యాలు. ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉన్నాయి, ఒక్కసారైనా ఎక్కడివని అడగలేదు నేను.

ముందు అక్క వాటి సంగతి చెప్పలేదు. "ఆ పిల్లోణ్ణి పెంచినావిడ బొమ్మేదండీ? చూపించండి" అంది. పుస్తకం తీశాను. తల్లి, భార్య, కొడుకు, వీధిలో బిచ్చగాళ్ళు, అద్దంలో చూసుకుని గీసుకున్న సొంత మొహాలు, చివరికి ఇల్లు వేలం వేయించిన అధికారి కూడా ఉన్నాడు. ఇదే ఆవిడ అని ఖాయంగా చెప్పగల బొమ్మ ఒక్కటీ లేదు. పేజీలు తిప్పుతుంటే కట్టేసి పడుకోబెట్టిన పంది బొమ్మ వచ్చింది.

"పందిని గీశాడా?" అంది అక్క. "పందిని గీశాడు, బిడ్డని పెంచినదాన్ని గియ్యలేదా! ఛీ!"

లేచి సోఫా ఎక్కి దండ పీకేసింది. "బానే పెంచావు కొడుకుని" అని ముసలావిడతో అని ఫ్రేముని గోడవైపు తిప్పేసింది.

అప్పుడు చెప్పింది. "పాపోళ్ళమ్మగారు పోయే ముందు తన చేత్తో తీసి నా చెవులకెట్టిందండి. 'పాపని చూసుకో' అంది. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఇప్పుడాయన దుద్దులు తెచ్చియ్యి, లేదంటే దొంగతనం కేసెడతానంటన్నాడు. అవిస్తేనే పాస్‌పోర్టంట. ఆవిడిచ్చిందని చెప్పడానికి ఆవిడ లేదు కదండీ."

ఎప్పుడో పోయిన డచ్చివాడి కథ చెప్పాననుకున్నాను. ఆ మనిషి అల్ ఐన్‌లో బతికే ఉన్నాడు, పైగా మనవాడే!

ఎమిరేట్ల మధ్య సరిహద్దు దాటడానికి కావాల్సిన కరోనా టెస్టులు చేయించుకుని, వారం తిరక్కుండా మా ఆయనతో కలిపి ముగ్గురం కార్లో అల్ ఐన్ వెళ్ళాం. నాలుగు మాటలతో కడిగేద్దామని దారంతా కూడబలుక్కున్నాను. ఆయన తలుపు తీసి నమస్కారం పెట్టాడు. "రండి మేడమ్, టీ తాగుతారా?" అన్నాడు. ఆ మర్యాదకి నా కోపం నసాళానికంటింది. "ఎవరి దుద్దులండీ అవి? మీ ఆవిడ..." అని అందుకునేలోపే అక్క నా జబ్బ గిల్లింది.

"ఖలాస్, ఇంక చాలు టీచరుగారూ. నా కూతురు నొప్పులు పడతా ఉంటే నేనిక్కడ స్టేషన్లో కూకోమంటారా?"

గుమ్మంలోనే నిలబడి తన చేత్తోనే దుద్దులు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కొత్త భార్య పాస్‌పోర్ట్ తెచ్చిచ్చింది. పాప స్కూలు పాఠంలో ఉందట, పిలవలేదు. లోపలి గదిలోంచి ఇంగ్లీషు రైమ్ వినబడుతోంది. అక్క అటే చూస్తూ, "పాప ఫొటో ఒకటియ్యండి బాబూ, చాలు" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, లోపలికెళ్ళి ఒక ఫొటో పట్టుకొచ్చాడు.

తిరుగుదారిలో కారు ఆపించి అక్క రోడ్డు పక్క ఖర్జూరపాకు ఒకటి తుంపింది. సన్నని పుల్లలు చీల్చి, కన్నాలు పూడిపోకుండా చెవులకి పెట్టుకుంది. ఆ తర్వాత ఫొటో బయటికి తీసింది. పాప మొదటి పుట్టినరోజు. కేకు ముందు బోసినవ్వు. పక్క అంచు కత్తెరతో నీటుగా కత్తిరించారు. మిగిలింది పాప నడుం చుట్టూ వేసిన ఒక చెయ్యి, నాలుగు ఎర్రగాజులు.

"ఈ చెయ్యి నాదేనండి" అంది. నేను భోరుమన్నాను. ఆమె ఏడవలేదు.

వీసా రద్దై టికెట్ దొరికాక, వెళ్ళే ముందురోజు ఆ ఫొటోకి రోలాలో ఫ్రేము కట్టించాను. అక్క దాన్ని చీరలో చుట్టబోయి ఆగింది.

"గోడకెడితే మావోళ్ళు బొట్టెట్టేత్తారేమోనండి, పోయినోళ్ళ చెయ్యనుకుని. ఈ చెయ్యి గలది బతికే ఉందని యెనకాల రాయండి టీచరుగారూ. నా పేరు కూడా రాయండి."

రాశాను.