వాడి చేతి చిల్లు

నా కొడుకు పోయి రెండు నెలలు కావస్తోంది. ఫోను వచ్చినప్పుడు వాకిట్లో కందులు చెరుగుతున్నాను. "కార్ల పండుకున్నోడు లేస్తలేడు" అన్నారు. మేం జడ్చర్ల దవాఖానకు చేరేసరికి అంతా అయిపోయింది. వాడి తెల్ల అంగీ మీద ఒక్క మరక లేదు. వాడు పని పట్టిన పదిహేనేళ్లలో, రోజు గడిచాక కూడా వాడి ఒంటి మీద మరక లేని బట్ట చూడడం అదే మొదటిసారి.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ అక్షరాలు నా మేనకోడలు దిద్దింది. మాటలు మాత్రం నావే. కోపం కూడా నాదే, దాన్ని దిద్దవద్దని చెప్పాను.

నార్కట్‌పల్లి చౌరస్తా దగ్గర వాడిది చిన్న రేకుల షెడ్డు. కార్లకు సైలెన్సర్లు బిగించేవాడు. కంపెనీ సైలెన్సర్ తుప్పు పట్టి పోతే బయటి రకాలు ఎన్నో దొరుకుతాయి. ఏది మంచిదో వాడు చూసే తీరు ఒకటుంది. ముందు ఎత్తి బరువు చూసేవాడు. తర్వాత అతుకు వెంట బొటనవేలు పోనిచ్చేవాడు. చివరకు వేలి కణుపుతో కొట్టి, తల వంచి వినేవాడు. ఆ కొట్టడం నా దగ్గర నేర్చిందే. చిన్నప్పుడు అంగడికి నా వెంట వచ్చి, నేను కుండలు కొట్టి కొనడం చూసేవాడు. "అవ్వా, ఇనుముకు గూడ గొంతుంటది" అనేవాడు. నన్ను అమ్మా అని ఎప్పుడూ పిలవలేదు, వాళ్ల నాయన మా అత్తను అవ్వా అనడం విని వాడికీ అదే అలవాటైంది.

ఒక పిలగాడు కారు తెచ్చి, "అన్నా, జర గట్టిగ మోగేది బిగించు" అన్నాడు.

"మోగేది కావాల్నా, ఉండేది కావాల్నా? మోగుడే కావాల్నంటే డప్పు కొనుక్కోరాదు?" అన్నాడు నా కొడుకు. నేను సద్దిగిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ పిలగాడు కూడా నవ్వి, ఉండేదే బిగించుకుని పోయాడు.

తుప్పు అంటే వాడికి పగ. కొత్తదైనా సరే, తీగె బ్రష్షుతో అతుకులన్నీ తోమి, తుడిచి, వేడికి ఊడని రంగు పలుచగా మూడుసార్లు వేసేవాడు. "అతుకు కాడ్నే మొదలైతది, ఇనుమైనా చుట్టరికమైనా" అనేవాడు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువని, వాటితో కారు అడుగు కడగనిచ్చేవాడు కాదు. ఊరికే బజారు దాకా తిప్పేవాళ్లను తిట్టేవాడు, దూరం పోకుంటే గొట్టం లోపలి చెమట ఆరదట. అందుకే వాడు బిగించిన ప్రతి సైలెన్సర్‌కు అడుగున, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట, జొన్నగింజంత చిల్లు వేసేవాడు. లోపల చేరిన నీళ్లు కారిపోవడానికి. "కొత్తదానికి చిల్లేందిరా?" అని నేనే నవ్వాను. "కడుపుల నీళ్లు పెట్టుకుంటే ఏదైనా కుళ్లుతది అవ్వా. బయటికి పోనియ్యాలె" అన్నాడు.

ఇక కోపం సంగతి.

మా వాడకట్టులోనే ఒకాయన కారు కిరాయికి తిప్పుతాడు. నా కొడుకు ఆ కారు కింద దూరి చూసి, "గొట్టం అతుకు పోయింది, పొగ లోపలికొస్తది. మార్పియ్యి" అన్నాడు. "రంగు కొట్టియ్యి, చాలు" అన్నాడాయన. "లోపలి తుప్పుకు బయటి రంగు మందు గాదు" అని నా కొడుకు ఆ పని పట్టలేదు. పది రోజులకు ఆయనే వచ్చి, "మార్పించిన" అన్నాడు. ఒక్క మాట. మార్పించలేదు. వేరేచోట నల్లగా రంగు కొట్టించాడు.

జడ్చర్లలో మా చుట్టాల పెళ్లి. ఆ కారులోనే పోదామని వచ్చాడాయన. నా కొడుకు గడప దిగి, అలవాటు కొద్దీ కారు కిందికి వంగబోయాడు. నేను అరిచాను. "ఇయ్యాలన్న కారు కింద దూరకురా! తెల్లంగి, బట్టలు ఖరాబైతయి." వాడు నవ్వి లేచాడు. వాళ్లు పోయారు, నేను ఇంటి దగ్గరే ఉన్నాను.

పెళ్లి భోజనాలయ్యాక వాన దంచి కొట్టింది. తలనొప్పిగా ఉందని వాడు కారులోకి వెళ్లి, అద్దాలు ఎక్కించి, ఇంజను నడుస్తుండగానే ఏసీ వేసుకుని పడుకున్నాడు. పోయిన అతుకులోంచి లోపలికి వచ్చిన పొగ చప్పుడు చేయలేదు. చప్పుడు చేసి ఉంటే వాడికి తెలిసేది.

పరామర్శకు వచ్చినవాళ్లు, "గంత తెలిసినోడు ఎట్ల పండుకున్నడు వదినా?" అని నన్నే అడిగారు. తోటిమనిషి మాట నమ్మి పడుకున్నాడు. ఇంకెట్ల పడుకుంటారు? తలరాత అన్నవాళ్లను లేచి పొమ్మన్నాను. తలరాత రంగు డబ్బా పట్టుకుని వస్తుందా?

పదకొండో దినం నాటికి ఇంకో మాట పుట్టింది. ఆ సైలెన్సర్ నా కొడుకు బిగించిందేనట. వాడి పనే వాడిని తిన్నదట. పుట్టించింది ఆ కారాయనే. కొడుకును పోగొట్టుకున్నాను. వాడు పనిలో తెచ్చుకున్న పేరు కూడా పోతుంటే ఊరుకోవాలా?

కారు పోలీసు ఠాణా ఆవరణలో ఉందంటే పోయాను. ఆయనా వచ్చాడు, ఇంకో నలుగురూ ఉన్నారు. నేను కొంగు నడుముకు చెక్కి కారు కిందికి పాకాను.

"పెద్దమ్మా, లే! బట్టలు ఖరాబైతయి" అన్నాడాయన.

నేను అన్న మాటే. వాడు పోయాక నన్ను అంతగా కొట్టింది మరొకటి లేదు. ఆయన మీది కోపంలో సగం నా మీదకే తిరిగింది, ఈ రోజుకూ అక్కడే ఉంది.

అడుగంతా వేలితో తడిమాను. పల్లపు చోటు చూశాను. చిల్లు లేదు. అతుకు మీద గోటితో గీస్తే రంగు పొక్కులుగా లేచింది, వేలు లోపలికి దిగింది. తుప్పు నిండిన ఆ చేతిని బయటికి వచ్చి వాళ్లందరి ముందు పెట్టాను.

"దీంట్ల నా కొడుకు చిల్లేది? చూపియ్యి. వాని చేతి పనైతే చిల్లుంటది. చూపిస్తే నోరు మూసుకుంట" అన్నాను.

మా చౌరస్తా నుంచి వచ్చిన జీపు డ్రైవరు తన బండి కిందికి వంగి చూసి, "మా దానికి ఉంది. నిజమే, వేసిండు" అన్నాడు. ఆ డ్రైవరుకు నేను రుణపడి ఉన్నాను.

మొన్న పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఒక కారు వచ్చి ఆగింది. ఎవరో తెలియదు. షెడ్డు మూసి ఉందని ఇల్లు అడుగుతూ వచ్చాడట. సంగతి చెప్పాను. పోవడానికి కారు స్టార్ట్ చేస్తే అడుగు నుంచి చుక్క చుక్కగా నీళ్లు రాలాయి.

"భయపడకు పెద్దమ్మా, గట్ల కారితెనే మంచిదని మీ కొడుకే చెప్పిండు" అన్నాడు.

కారు పోయింది. దుమ్ములో అరచెయ్యంత తడి మిగిలింది. వాకిలంతా ఊడ్చాను, ఆ జాగా వదిలేసి.