ఏడవని బిడ్డ

అమలమ్మ పామర్రు చుట్టుపక్కల నలభై ఏళ్లు పురుళ్లు పోసింది. ఇప్పుడు చూపు పూర్తిగా పోయినా, తన చేతుల్లో పుట్టినవాళ్లను తల నిమిరి గుర్తుపడుతుంది.

ఆమె ఎనభై ఐదో పుట్టినరోజుకని కూతురు సుగుణ, మనవరాలు క్రిస్టినా పటమట నుంచి కేకు పట్టుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి ఇల్లంతా ఉడికిపోతోంది. ప్రార్థన అయ్యాక బంధువులు, ఇరుగుపొరుగువాళ్లు ఒక్కొక్కరే ఆమె ముందు తల వంచారు.

“నువ్వు జాన్‌బాబువి. ఎదురుకాళ్లతో పుట్టి మీ అమ్మను చంపినంత పని చేశావు,” అందామె. అందరూ నవ్వారు.

దీవెనలన్నీ అయిపోయాయి. అయినా ఆమె చెయ్యి కుర్చీ పక్కన, మోకాలెత్తులో, గాలిని నిమురుతూనే ఉంది.

“ఇదెవరే? తలంతా తడిగా ఉంది.”

క్రిస్టినా కుర్చీ పక్కకు వంగి చూసింది. “అక్కడెవరూ లేరు అమ్మమ్మా.”

“ఉందే. నేను పురుడు పోసిన పిల్లే. ఎంత తట్టినా ఏడవలేదు.”

సుగుణ చేతిలోని కత్తి కేకులోనే ఆగిపోయింది. క్రిస్టినా పుట్టకముందు తనకొక ఆడపిల్ల ఊపిరి లేకుండా పుట్టిందని ఆమె కూతురికి ఎన్నడూ చెప్పలేదు. పేరైనా పెట్టకుండా ఆ సాయంత్రమే పూడ్చిపెట్టారు.

క్రిస్టినా అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. అంత ఉక్కలోనూ అది చల్లగా ఉంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

సుగుణ కేకు ముక్క పట్టుకుని వచ్చి నేలమీద కూర్చుంది. చిన్న ముక్క తుంచి, ఖాళీగా ఉన్న ఆ చోటికి చెయ్యి చాచి, “మెర్సీ,” అని పిలిచింది. ముప్పై ఏళ్లుగా మనసులోనే దాచుకున్న పేరది.

అమలమ్మ నిమరడం ఆపింది.

“నీ దగ్గరికొచ్చిందే,” అంది కూతురితో.