గవాచికి బిగించిన అద్దం

ఎమ్మిగనూరులో ఎండకు కరువొచ్చిందంటే ఎవరైనా నవ్వుతారు. ఆదోని ఆసుపత్రిలో డాక్టరు కూడా నవ్వాడు. మా ఆయన అప్పుడు ఊపిరితిత్తులకు నిమ్ము చేరి, మాట పెగలక మంచం మీద పడి ఉన్నాడు. ఏటా చలికాలం దగ్గే మనిషే గానీ ఆ ఏడు మాత్రం దక్కుతాడో లేదో అనిపించింది. రక్తం పరీక్ష చేసి, డి విటమిన్ అడుగంటిపోయిందన్నారు. రాళ్లు పగిలే ఎండలు కాసే ఊరి నుంచి వచ్చి ఎండ చాలలేదంటారేమిటని వార్డంతా నవ్వుకుంది. నాకు ఒళ్లు మండింది.

మాది గుంత మగ్గం. మా ఆయన పొద్దు పొడవకముందే గుంతలో కాళ్లు పెడితే పొద్దు గుంకాక తీస్తాడు. మగ్గం గదికి కిటికీ లేదు. మిద్దె కప్పులో వెలుగు కోసం వదిలే గవాచిని కూడా మా మామ ఉన్న కాలంలోనే బండతో మూసేశారు. ఎండ తగిలితే పడుగు ఆరిపోయి పోగులు తెగుతాయి మరి. దారానికి జరిగే మర్యాద మా ఇంట్లో మనిషికి జరగదు. మూలన రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టే మా అత్త ఆ చీకటికి కాపలా. తలుపు కాస్త ఎక్కువ తెరిచానా, కేకలు. వసారాలో మిషన్ కుట్టుకుంటాను కాబట్టి నేను బతికిపోయాను.

నవ్వడం అయ్యాక డాక్టరు అసలు సంగతి చెప్పాడు. ఒంట్లో చొరబడిన క్రిములను మట్టుపెట్టే కణాల లోపల రిసెప్టర్ అని ఒకటి ఉంటుందట. డి విటమిన్ వెళ్లి దాన్ని అంటుకుంటే, క్రిములను చంపే సరుకును ఆ కణాలు బాగా తయారు చేసుకుంటాయట. పోట్లాట మితిమీరి సొంత ఊపిరితిత్తులనే పాడు చేయకుండా అదుపులో పెట్టేదీ అదేనట. జబ్బుకు ఇదొక్కటే కారణమని చెప్పలేననీ, ఈ లోటు మాత్రం పూడ్చాల్సిందేననీ అన్నాడు. మాత్రలు రాశాడు. మధ్యాహ్నం కాసేపు చొక్కా విప్పి ఎండలో కూర్చోమన్నాడు.

మాత్రలైతే మింగాడు. ఎండలో మాత్రం కూర్చోలేదు. మా వీధిలో పగటిపూట మగ్గం చప్పుడు ఆగితే ఇంటింటి నుంచీ తలలు బయటికొస్తాయి. నేతగాడు మిట్టమధ్యాహ్నం అరుగు మీద కనిపించాడంటే పని లేకనో, తాగో, పెళ్లాంతో తగువు పడో అనుకుంటారు. పైగా చొక్కా లేకుండానా? మా మహానుభావుడు చావడానికైనా సిద్ధపడ్డాడు గానీ సిగ్గుపడడానికి సిద్ధపడలేదు.

చివరికి ఆయనకే ఉపాయం తట్టింది. గవాచి మీది బండ తీయించి మందపాటి అద్దం బిగించాడు. మధ్యాహ్నపు ఎండ పడుగు మీద కాకుండా తన వీపు మీద పడేలా కొలతలు చూసుకున్నాడు. నేస్తూనే ఎండ కాగుతానన్నాడు. పోగులకు ముప్పు లేదని తేలాక అత్త కూడా ఒప్పుకుంది. వీధి వీధంతా వచ్చి ఫోన్లలో ఫొటోలు తీసుకుంది. ఆ తెలివికి నేనూ మురిసిపోయాను. ఎండే నడిచి ఇంట్లోకి వస్తుంటే ఇంకెందుకని ఆయన మాత్రలు మానేశాడు.

చలికాలం వచ్చింది, దగ్గూ వచ్చింది, మళ్లీ ఆదోని. అద్దం కథ విని డాక్టరు తల పట్టుకున్నాడు. అద్దం వెలుగును, వేడిని రానిస్తుంది గానీ చర్మంలో డి విటమిన్ తయారుచేసే కిరణాన్ని బయటే ఆపేస్తుందట. ఇన్నాళ్లూ వీపు కాగింది, అంతే. ఇంటికొచ్చి ఇదంతా అత్తకు కక్కేశాను. ఇంకోసారి ఆసుపత్రికి పోతే మనిషి తిరిగి రాడని కూడా అన్నాను, భయంతోనే అన్నాను.

 మర్నాడు మధ్యాహ్నం ఆమె కొడుకును మగ్గం మీంచి లేపింది. అరుగు మీద చొక్కా విప్పించి కూర్చోబెట్టింది. తాను కూడా తల మీది కొంగు తీసి, రవిక చేతులు పైకి మడిచి పక్కనే కూర్చుంది. ఎదురింటాయన రానే వచ్చాడు, మగ్గం ఆగిందేమని ఆరా తీస్తూ.

"నాకే డాక్టరు ఎండకు కూసోమన్నాడప్పా. ఒక్కదాన్నే కూసోలేక వీన్ని తోడు రమ్మంటి," అంది అత్త.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆమె నోట అంత మెత్తని అబద్ధం నేనెన్నడూ వినలేదు. కొడుకు పరువు నిలబెట్టిన దర్జాతో లేవబోయి, లేవలేక నా చేయి పట్టుకుంది. నడుము, మోకాళ్లు, పిక్కలు. ముసలితనమని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్న నొప్పులు. కొడుకు పుట్టకముందు నుంచీ ఆ చీకట్లో కూర్చున్నది ఈమే కదా అని నాకు అప్పుడు తట్టింది.

ఈసారి ఆదోనికి ఆమెనూ బస్సెక్కించాను. ఆమె రక్తంలో డి విటమిన్ కొడుక్కున్నంత కూడా లేదు. డాక్టరు నవ్వలేదు. తిరుగు బస్సులో ఆమే నవ్వింది.

"సూడు, నేనేమన్నా అబద్ధం సెప్పినానా?"