అద్దాల పెట్టెలో నా సైకిల్ ఫొటో

ఇప్పుడు పాత సైకిల్ పక్కన నిలబడి ఫొటో దిగడం ఒక సరదా. చూసినవాళ్ళు "ఆ రోజులే హాయి" అంటారు. హాయా! నన్నడగండి, చెప్తాను.

పందొమ్మిది వందల యాభైల్లో, రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను మార్కాపురం హైస్కూల్లో చదివేదాన్ని. మగపిల్లలంతా ఫొటో స్టూడియోలోని సైకిల్ పట్టుకొని ఫొటోలు దిగుతుంటే, నాకేం తక్కువని నేనూ దిగినా. బాగా కుదిరిందని ఫొటోగ్రాఫరు దాన్ని బజారుకు కనపడేటట్టు వాకిట్లోని అద్దాల పెట్టెలో పెట్టినాడు.

సైకిల్ తొక్కిందని మా పెదనాయన కూతుర్ని అంతకు ముందేడే బడి మాన్పించినారు.

"తీసెయ్ మామా, మా నాయన చూస్తే నా చదువు ఆగిపోతుంది" అని ఫొటోగ్రాఫరును బతిమాలినా.

"నీకంటే సైకిలే బాగా పడింది. నిన్నెవరు చూస్తారు, పోమ్మా" అన్నాడు.

సంతరోజు నాయన నన్ను వెంటబెట్టుకొని ఆ దారినే వచ్చి, సరిగ్గా ఆ పెట్టె ముందర ఆగినాడు. అద్దానికి ముక్కు ఆనించి చూసినాడు.

"ఇదేంది?"

"సైకిల్, నాయనా."

"అది కనపడతాంది. పట్టుకున్నదెవరు?"

నాయన లోపలికి పోయి, పెట్టెలోంచి ఆ ఫొటో బయటికి తీయించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దారంతా నాకు పదడుగులు ముందే నడిచినాడు. తిట్టినా బాగుండేది. ఇంటి ముందర ఆగి, "ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. సోమవారం బడికి పో" అన్నాడు.

పోయినా. కానీ ఆ ఫొటో ఎక్కడ దాచినాడో, ఎవరి కంటపడుతుందోనని హైస్కూలు చదువు అయ్యేదాకా వణుకుతూనే ఉన్నా.