ఒక పుస్తకం చుట్టూ నలుగురు

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పెరుగు పోసే గొల్లామె.

"ఉదయగిరి బడికి కొత్తయ్యవారు వచ్చినాడవ్వా. పిల్లకాయల్ని నలుగురు నలుగురిని గుండ్రంగా కూచోబెట్టి, మీలో మీరే చెప్పుకోండి అంటాడంట. మా బిడ్డ మీ పెద్దబ్బాయి కొడుకు పక్కనే కూచోనుండాది."

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. ఆడపిల్లనని మా ఇంట్లో నన్ను బడికి పంపలేదు. అవ్వే చేటలో బియ్యం పరిచి అక్షరాలు దిద్దించింది, దేవుడి పద్యాలు చదివించింది. ఆ భిక్షకు ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. లెక్కలు మాత్రం అవ్వకూ రావు.

నేర్చుకున్నది రానివాళ్ళలో ఒకరికి చెప్పాలని అయ్యవారి నియమం. గొల్లామె కూతురు నన్ను ఎంచుకుంది. తల్లి పెరుగు పోసేలోపు పెరటి బండ మీద బొగ్గుతో లెక్క వేసేది.

"తెలీకపోతే అడుగమ్మణ్ణీ. మా అయ్యవారు అడిగినోళ్ళనే మెచ్చుకుంటాడు."

బడిలో కలిసి కూర్చునే వాళ్ళ నలుగురికీ ఉన్నది ఒక్కటే పుస్తకం. అది మా పెదనాయన కొడుకుది. పెదనాయనకు వేరుశనగ టోకు వ్యాపారం. పుట్టినప్పటి నుంచి తక్కెడ ముందు కూర్చున్న మనిషి. ఒకరికి పోస్తే మన బస్తా తగ్గుతుందన్నది ఆయనకు తెలిసిన ఏకైక శాస్త్రం. చదువునూ ఆ బస్తాలోనే కట్టాడు.

"ఏందిరా, పుస్తకం నువ్వు తెచ్చేది, ఊళ్ళో పిల్లకాయలంతా చదివేదా? నీకేం మిగల్తాది?"

"నాకు లెక్కలు ఆ పిల్లే చెప్తాది నాయనా."

"గొర్రెలోళ్ళ పిల్లా నీకు చెప్పేది? బయట అనబాక, పరువు పోతాది."

మర్నాటి నుంచి కొడుకును, పుస్తకాన్ని వేరే కూర్చోబెట్టించాడు. అయ్యవారు మా అరుగు దాకా వచ్చి బతిమాలాడు. "నలుగురు చదివితే పుస్తకం అరిగిపోదయ్యా."

"నీకు జీతమిచ్చేది నువ్వు చెప్పేదానికి. పిల్లకాయల చేత చెప్పించేదానికి కాదు," అన్నాడు పెదనాయన. అరుగు మీది పెద్దమనుషులంతా తలలూపారు. సంతలో ఎద్దులైనా అంత కలిసికట్టుగా ఊపవు. ఆ పూట వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే.

పుస్తకం లేని పిల్ల కొన్నాళ్ళు ఊరికే కూర్చుని వచ్చింది. "బడిలో ఉత్త చేతులతో కూచునే బదులు గొర్రెలన్నా మేపతాదిలే," అంది తల్లి, పెరుగు చెంబు దించుతూ. సీతారామపురం వైపు మందతో వెళ్ళేముందు ఆ పిల్ల పెరట్లోకొచ్చి బండ మీద భాగహారం సగం వేసింది. తల్లి కేకేసింది. ఆ పిల్ల బొగ్గు నా చేతిలో పెట్టింది.

"మిగతాది నువ్వు చెయ్యి. వస్తే ఇంకొకరికి చెప్పు."

ఆ ఏడు పెదనాయన కొడుకు లెక్కల్లో తప్పాడు. మరుసటేడన్నా కొడుకు పాసు కావాలని పెదనాయన అనుమసముద్రంపేట దర్గాకు చక్కెర తీసుకెళ్ళి, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు పిడికిళ్ళతో పంచి వచ్చాడు. చక్కెర పంచితే పుణ్యమని తెలుసు పాపం. అంతవరకే అందింది ఆయన బుర్రకు.

తర్వాత నేను ఆత్మకూరు కోడలినయ్యాను. మా వసారాలో ఒక్క పుస్తకం చుట్టూ నా పిల్లలూ వీధి పిల్లలూ కూర్చుని చెప్పుకున్నారు. ఎవరి బస్తా కూడా తగ్గలేదు.

ఇది చదివే తల్లులకు ఒక్క మనవి. పెదనాయన లాంటి వాళ్ళను దేవుడు చూసుకుంటాడు. మీరు దీపం పెట్టేటప్పుడు, సగం లెక్క నాకిచ్చి మంద వెనక వెళ్ళిన ఆ పిల్లను ఒకసారి తలుచుకోండి.