థేమ్స్ ఒడ్డున ఒడిబియ్యం

వెనక నుంచి చెల్లెలు “అక్కా, జర ఆగు” అంటే ఆగి వెనక్కి తిరిగాను. అది పిలిచింది నన్ను కాదు. నాకంటే ముందు నడుస్తున్న తెల్లావిడను. ఆవిడ కూడా ఆగింది. అక్క అంటే తానేనని ఆవిడకు బాగా అలవాటైపోయింది.

నా చెల్లెలు ఇంగ్లండులో నర్సు. ప్రతి వేసవిలో సెలవు పెట్టి థేమ్స్ నది వెంట వారం రోజులు నడుస్తుంది. నిరుడు ఆపిన చోట మొదలుపెట్టి, ఈ ఏడు ఇంకొంత దూరం. ఎప్పుడూ తోడు ఈ పక్కింటావిడే, డెబ్బై దగ్గర పడ్డ మనిషి. ఈసారి వాళ్ళతో నేనూ కలిశాను. పొలం తాను చూసుకుంటానని మా ఆయన పంపించాడు. ఇంత దూరం క్షేమంగా తెచ్చినందుకు విమానం దిగగానే దేవుడికి దండం పెట్టుకున్నాను. మర్నాడు నది ఒడ్డున ఆ “అక్కా” అన్న పిలుపు విన్నాక, మళ్ళీ దండం పెట్టడానికి చాలాసేపు మనసు రాలేదు.

నేను వచ్చింది నడకకు కాదు, చెల్లెలికి ఒడిబియ్యం పోయడానికి. పెళ్ళైన ఆడపిల్ల ఒడిలో పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం పోయడం మా ఆచారం. అమ్మ పోయాక ఆ పని నామీద పడింది. తరిగొప్పుల దగ్గర మా మడిలో పండిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, రవికె గుడ్డ కట్టుకుని వచ్చాను. మంచిదని అనుకున్న శుక్రవారం నడక మధ్యలో పడింది. అందుకే మూట నా వీపు సంచిలోనే ఉంది.

“నడకకు బియ్యం మోసుకొచ్చింది నువ్వొక్కదానివే అక్కా. నడుమల ఆకలైతే వండుకుందామనా?” అంది చెల్లెలు. నాకూ నవ్వొచ్చింది. అదే మాట ఇంగ్లీషులో చెప్పి ఆవిడను నవ్వించినప్పుడు మాత్రం రాలేదు.

నిజం చెప్పాలంటే ఆ నదిని చూసి కూడా కుళ్ళుకున్నాను. మహదేవపూర్ దగ్గర మా గోదావరిలో ఒక పాయంత లేదు. అయినా దాని వెంట మనిషి నడవడానికి సన్నని బాట, పొలానికీ పొలానికీ నడుమ తోసుకుని పోయే కట్టె తలుపులు, దారి చూపే గుర్తులు. మేస్తున్న ఆవుల మధ్య నుంచి నడిచినా ఎవరూ ఏమీ అనరు. మా దగ్గర ముగ్గురు ఆడవాళ్ళం సంచులు తగిలించుకుని గోదావరి ఒడ్డున పోతుంటే, ఎవరు చచ్చిపోయారని అడుగుతారు.

ఒడ్డున అక్కడక్కడా బెంచీలున్నాయి, వాటి మీద చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కి. మొదటి బెంచీని సమాధి అనుకుని బూట్లు విప్పి దండం పెట్టి, పక్కన గడ్డిలో కూర్చున్నాను. వాళ్ళిద్దరూ బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నారు. మా ఇద్దరిలో బడికి పోయింది చెల్లెలే. నాకు చదువు చెప్పింది బాపే, ఇంట్లో, పలక మీద. తెలుగులో ఏ గ్రంథమైనా చదువుతాను, అందుకు బాపుకు రోజూ దండం పెట్టుకుంటాను. ఆ గడ్డిలో కూర్చున్నప్పుడు ఆ చదువు దేనికీ పనికి రాలేదు. నీళ్ళలో హంసలను లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.

గురువారం ఒక పాత ఊరు చేరాం. ఆ రోజు సంత. రాళ్ళు పరిచిన బజారులో గుడారాల కింద ఆలుగడ్డలు, చీజు ముద్దలు, పూలమొక్కలు. ఎవరూ గట్టిగా కేకలు వేయని సంత నేను చూడడం అదే మొదటిసారి. గాలి వీస్తుంటే చెల్లెలు ఆవిడ మెడకు గుడ్డ సరిగ్గా చుట్టింది. చిన్నప్పుడు దానికి జడలేసిన చేతులు నావి. నా మెడకు ఏమీ లేదు.

సాయంత్రం బస చేసిన గదిలో చెల్లెలు నా పక్కన కూర్చుని అంది: “రేపు ఆమెకు గూడ రెండు దోసిళ్ళు పొయ్యరాదే.”

ఒడిబియ్యం భర్త ఉన్నవాళ్ళకే పోస్తారు. ఆవిడ భర్త ఏనాడో పోయాడు. ఆ మాట నా నోటికి వెంటనే అందింది.

“భర్త లేని మనిషికి ఎట్ల పోస్తరే? నీకు తెల్వదా?”

“తెలుసు. నేనొచ్చిన కొత్తల జరమొచ్చి లేవలేకపోతే, తలుపు కొట్టి సూపు తాపింది ఆమెనే. గప్పుడే అక్క అన్న. నువ్వు పరేషానైతవని నీకు చెప్పలే.” నా వైపు తిరిగి అడిగింది. “ఆచారం కోసమేనా అక్కా, నువ్వు వద్దంటున్నది?”

ఆచారమే అన్నాను. అబద్ధం. మా మేనత్త భర్త పోయాక ఎవరేమన్నా వినకుండా ఆమెకు బొట్టు పెట్టి ఒడిబియ్యం పోసింది నేనే.

శుక్రవారం పొద్దున చెల్లెలి ఒడిలో ఐదు దోసిళ్ళు పోశాను. పసుపు కుంకుమల పళ్ళెం ఆవిడే పట్టుకుంది. తనకెందుకు లేదని అడగలేదు. పోసినవాటిలో మూడు పిడికిళ్ళు ఆడపిల్ల పుట్టింటికి తిరిగిస్తుంది, ఆ ఇంట్లో గింజకు కొదవ ఉండొద్దని. చెల్లెలు ఇచ్చినవి దస్తీ గుడ్డలో ముడేసుకున్నాను. ఆ పూటంతా అది నాతో పొడిపొడిగానే మాట్లాడింది.

ముందు వాళ్ళిద్దరూ, వెనక నేను. పడవల కోసం నీళ్ళను ఆపే పెద్ద కట్టె తలుపుల దగ్గర వాళ్ళు ఆగారు. నేను దగ్గరికి పోయి, ఒడి పట్టమని ఆమెకు చెప్పమని చెల్లెలితో అన్నాను. చెల్లెలు నా మొహంలోకి చూసి ఏదో చెప్పింది. ఆవిడ వానకోటు అంచులు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. దస్తీ విప్పి, పుట్టింటికి తీసుకుపోవలసిన మూడు పిడికిళ్ళూ పోశాను. నిన్న నేను పొయ్యనన్నది ఆచారం కోసం కాదని, కుళ్ళుతో అన్నానని కూడా చెప్పమన్నాను.

చెల్లెలు చెప్పింది. ఆవిడ బియ్యం వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడింది.

“ఏమంటుంది?”

“థాంక్స్ అంటుంది.”

“గంతసేపు మాట్లాడింది గదనే?”

“మిగిలింది నాకు చెప్పింది అక్కా,” అని చెల్లెలు నా సంచి తీసి తన భుజానికి వేసుకుంది.

నేను తిరిగి జనగామ వచ్చి నాలుగు నెలలైంది. దీపం పెట్టినప్పుడు ఇద్దరి పేర్లూ తలుచుకుంటాను, చెల్లెలిది ముందు. ఆవిడ ఏమన్నదో అడగాలని ఆదివారం ఫోన్ కలిసినప్పుడల్లా నాలుక చివరిదాకా వస్తుంది. ఇంకా అడగలేదు.