ఒంటిగంటకు మూతపడే కేటలాగు

ఆఫీసులో ఆయన్ని అందరూ పరాకుగారనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. ఎవరైనా కొత్తవాళ్ళు ఆ పేరుతో పిలిస్తే, ఎవర్నబ్బా అని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు.

ఏభై రెండేళ్ళ మనిషి. సీటు కిటికీ పక్కన. ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బి తేలుతుంటే, ఆయన మనసూ వాటి వెంట తేలుతూ ఎటో పోతుంది. ఇలా తేలిపోయే మనిషి చేసేది మాత్రం ఏదీ పోకుండా దాచే పని. ఒక నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ రోజూ నకళ్ళు తీసి పెట్టే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రాస్తాడు. సొంతానికి మాత్రం మూడు గొడుగులు, రెండు కళ్ళజోళ్ళు, ఒకసారి ఏకంగా కాళ్ళకున్న చెప్పులు పోగొట్టుకున్నాడు.

"మీక్కూడా ఓ నకలు తీయించి బీరువాలో పెట్టుకుంటానండీ. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది," అంటుంది భార్య. ఆవిడ బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంది. మొగుణ్ణి మాత్రం ఎప్పుడు గీసినా కళ్ళు కిటికీ వైపే ఉంటాయి.

ఆయన సాఫ్ట్‌వేర్‌కి ఒకటే లోపం. గడియారం చూసి పని మొదలుపెడుతుంది గానీ, చుట్టుపక్కల ఏం జరుగుతోందో దానికి పట్టదు. ఆ లోపం బరువంతా ఓ గ్రంథాలయంలో ఒకావిడ మోస్తోంది.

ఆవిడ అక్కడ కంప్యూటర్లో ఉండే పుస్తకాల జాబితా, అదే కేటలాగు, చూసుకుంటుంది. అందరూ మేడం అంటారు. సాయంత్రం ఆరింటికల్లా అక్కడ కరెంటు మెయిన్ కట్టేస్తారు కాబట్టి నకలు తీయడం మధ్యాహ్నం ఒంటిగంటకే. ఆ వేళకి కేటలాగు తెరిచి ఉంటే నకలు సగంసగంగా వచ్చి ఎందుకూ పనికిరాదు. అందుకని ఒంటిగంటకి ఆవిడే చేత్తో మూయాలి, నకలు పూర్తయ్యేదాకా కాపు కాయాలి, మళ్ళీ తెరవాలి. ఇలా పంతొమ్మిదేళ్ళు. మిగతా వాళ్ళంతా వెనక తోటలో ఎండలో బెంచీల మీద కూర్చుని నవ్వుకుంటూ తింటుంటే, ఈవిడ రెండున్నరకి చల్లారిన డబ్బా ఒక్కతే విప్పుకుంటుంది.

"ఏడు నెలల్లో రిటైరవుతున్నానండీ," అంది ఒకరోజు ఫోన్లో. "ఆ బెంచీ మీద ఎండ ఎలా ఉంటుందో చూడకుండానే పోతానేమో."

ఆ మాట పరాకుగారి చెవిలో పడి ఉండిపోయింది. దుప్పట్ల వంక చూస్తూనే నాలుగు నెలలు కూర్చుని సాఫ్ట్‌వేర్‌కి కబుర్లు చెప్పడం నేర్పాడు. నకలు మొదలవబోతుంటే ఒక కబురు, పూర్తయితే ఒక కబురు, చెడితే ఇంకోటి. ఏ కబురు అందితే ఏం చెయ్యాలో నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకుంటే చాలు, అదే చేసేస్తుంది. ఆ నాలుగు వాక్యాలనే స్క్రిప్ట్ అంటారు. పన్లో పనిగా, ఒంటిగంటకీ రెండింటికీ మధ్య ఏ ఫైలు మారినా మళ్ళీ నకలు తియ్యమని కూడా చెప్పాడు.

మేనేజరు మాత్రం ఒప్పుకోలేదు. "గురువారం గ్రంథాలయంలో నా కళ్ళముందు నడిపించండి. నడిచిందా సరే. లేదా, ఈ ముచ్చట ఇంతటితో ఆపేద్దాం. ఆవిడ ఎప్పట్లాగే చేత్తో మూసుకుంటుంది."

గురువారం వచ్చింది. పరీక్ష కాబట్టి ఆ రోజు కేటలాగులో ఒక చిన్న ముక్కకే నకలు పెట్టారు. చదువుకునే హాల్లో పన్నెండు కంప్యూటర్ తెరలు. ఒంటిగంట కొట్టగానే కేటలాగు ఎవరూ ముట్టుకోకుండా దానంతటదే మూసుకుంది. మేడం చేతులు ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళ పెళ్ళి చూస్తున్నట్టు చూసింది. నకలు పూర్తయింది. కేటలాగు తెరుచుకుంది. పని అయినట్టు తెలిపే చీటీ పన్నెండు తెరల మీదా ఒక్కసారే వెలిగింది.

"అయిపోయింది. పద, తిందాం, బంగారం."

పరాకుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆదివారం ఇంట్లో కూర్చుని, వంటింట్లో ఉన్న భార్యని తలుచుకుంటూ రాసిన వాక్యం అది. మార్చడం మర్చిపోయాడు.

"ఎవర్నండీ?" అంది మేడం కళ్ళజోడు మీంచి.

జవాబు చెప్పేలోగా కేటలాగు మళ్ళీ మూసుకుంది. తెరుచుకుంది. పద, తిందాం, బంగారం. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ బంగారం. మూలన పత్రికలు చదివే పెద్దాయన తెర వైపు తిరిగి, "నేను తినే వచ్చానమ్మా," అన్నాడు మర్యాదగా.

"ఏమిటండీ ఇది?" అన్నాడు మేనేజరు.

పరాకుగారికి ఆ మాట ఎక్కడో దూరాన్నుంచి వినబడింది. తెరలన్నీ నిద్రమత్తు రెప్పల్లా వాలుతున్నాయి, లేస్తున్నాయి. ఎంత అందంగా ఉందో అనుకున్నాడు. మరుక్షణం, దీన్ని నిద్రపోనివ్వకుండా చేస్తున్నదెవరా అనుకున్నాడు.

"ఆ చీటీ ఎక్కడ పెడుతున్నారు?" అంది మేడం.

"కేటలాగు ఫోల్డర్లోనే."

"భలేవారే! గది ఊడ్చి, ఊడ్చేశానని కాగితం మీద రాసి, ఆ కాగితం ఆ గదిలోనే పడేస్తే మళ్ళీ ఊడవద్దూ?"

నిజమే. చీటీ పడ్డ ప్రతిసారీ ఫైలు మారినట్టే, మారితే మళ్ళీ నకలే. తన చేత్తో తనే దాన్ని తట్టి లేపుతున్నాడు. మేనేజరు గడియారం చూసుకుని, "రెండింటిదాకా ఆగుతాను," అన్నాడు.

నకళ్ళు తీయని వేరే ఫోల్డర్లోకి చీటీ మార్చడం ఒక్క వాక్యం పని. అదీ నాలుగుసార్లు తప్పు కొట్టాడు. ఒంటిగంటా నలభైకి మళ్ళీ నడిపాడు. కేటలాగు మూసుకుంది, తెరుచుకుంది. బంగారం ఒక్కసారి వెలిగింది. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. తెరలు రెప్ప వెయ్యలేదు.

"ఫీచరు ఉంచుదాం," అన్నాడు మేనేజరు. "బంగారాన్ని తీసెయ్యండి."

"రేపు తీద్దురుగాని," అంది మేడం డబ్బా చేతికి తీసుకుంటూ. "అంత ఆప్యాయంగా పిలిచాక వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?"

ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. తోటలో బెంచీ మీద మిగతా వాళ్ళు జరిగి మేడంకి చోటిచ్చారు. ఆవిడ ముందు చోటుని అరచేత్తో తాకి చూసింది, వెచ్చగా ఉందో లేదో అన్నట్టు. కూర్చున్నాక అలవాటు కొద్దీ ఓసారి హాలు వైపు తిరిగింది. ఏమీ చెయ్యక్కర్లేదని ఆయన రెండు చేతులూ విప్పి చూపించాడు. ఆవిడ డబ్బా మూత ఎత్తి ఊపింది. అలా ఎందుకు ఊపుతోందా అని ఆయన కాసేపు ఎండలో మెరిసే ఆ మూతనే చూస్తూ ఉండిపోయాడు.

రమ్మంటోంది. అప్పుడు గుర్తొచ్చింది, తన డబ్బా పొద్దున బస్సులోనే ఉండిపోయిందని.